జోహర్ దాకా ఆపిన ఆకుపచ్చ డబ్బా

ఖమ్మంలో పొద్దున పదింటికి ఏ ఇంట్లోనైనా కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకుంటారు. అహ్మద్ పాషా ఇంట్లో మాత్రం గ్రాఫిక్స్ కార్డు రేటు చూసుకుంటారు. నిన్న ఇరవై తొమ్మిది వేలున్నది ఇవాళ ముప్ఫై ఒకటైతే ఇంటిల్లిపాది మొహాలూ మాడిపోతాయి. రెండు వందలు తగ్గిందంటే చాలు, టీలో ఇంకో చెంచా పాలు పడతాయి. కింద దుకాణం, పైన ఇల్లు. కస్బా బజారు వెనక సందులో పాషా కంప్యూటర్స్ అంటే ఇల్లెందు నుంచి భద్రాచలం దాకా పెళ్లి వీడియోలు చేసేవాళ్లందరికీ ఎరుకే.

ఆ రేట్లు కనుక్కునే పని పదేళ్లుగా పెద్దకోడలు జహీరాది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో మామకు గొంతు ఆపరేషన్ అయింది. నెల రోజులు మాట్లాడొద్దన్నారు. 'జర నువ్వు ఫోన్ చెయ్యి' అని కాగితం మీద రాసి, దుకాణం ఫోన్ ఆమె చేతిలో పెట్టాడాయన. నెల గడిచింది, గొంతు బాగైంది, ఫోన్ మాత్రం జహీరా దగ్గరే ఉండిపోయింది.

పదో తరగతి దాటని మనిషి. కార్డు లోపల ఏముంటుందో ఆమెకు తెలీదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. వీడియో పని చేసే కంప్యూటర్‌లో బొమ్మను పరుగెత్తించేది ఆ కార్డేనని, వాటిని చేసే రెండు పెద్ద కంపెనీలకు పోటీ అని, ఒకటి ఆకుపచ్చ డబ్బాలో, ఇంకొకటి ఎర్ర డబ్బాలో వస్తుందని తెలుసు. ఆమె విద్యంతా చెవిలో ఉంది. హైదరాబాద్ హోల్‌సేల్ వాళ్లు "ఉంది భాభీ" అని ఠక్కున అంటే సరుకు చేతిలో ఉన్నట్టు. "ఉంది... ఉంటది" అని సాగదీస్తే పక్క దుకాణంలో అడిగి తెచ్చి అయిదొందలు కలుపుతాడన్నట్టు. "మీకు లేకుంటే ఇంకెవరికి భాభీ" అన్నాడా, ఆ డబ్బా ఇంకా ఓడ కూడా దిగలేదన్నట్టే. ఈ లెక్క ఏ కాలేజీలో చెప్పరు.

ఎనిమిది నెలల కింద చిన్నకోడలు వచ్చింది. పేరు ఆరిఫా, ఊరు కల్లూరు, చదువు బీటెక్. ఆమె మొగుడు అజారుద్దీన్ పొద్దున్నే బండేసుకుని బడుల్లో, ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడానికి పోతే సాయంత్రం గానీ రాడు. పైన పొద్దుపోక ఆ పిల్ల దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టింది. కూర్చున్నది ఊరికే కూర్చుందా? ఫోన్లో ఓ పట్టిక తయారుచేసింది. ఆకుపచ్చ డబ్బా ఒక పక్క, ఎర్ర డబ్బా ఒక పక్క. ధర ఎంత, మెమరీ ఎంత, ఏ పనికి ఏది మంచిది, ఏది దొరుకుతోంది, ఏది దొరకడం లేదు. దాన్ని రోజూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. వారం తిరక్కుండా సత్తుపల్లి నుంచి కూడా ఫోన్లు రావడం మొదలైంది. "చాచా, మీ కోడలు పెట్టిన లిస్టు చూసినం" అని ఎవరన్నా అంటే అహ్మద్ పాషా గడ్డం నిమురుకునేవాడు. మసీదు మెట్ల మీద చెప్పులేసుకుంటూ కూడా ఆ లిస్టు నలుగురికీ చూపించేవాడు.

ఏ కోడలు అని అడిగేవాళ్లు ఉండరు కదా! ఆ లిస్టులోని ధరలన్నీ పొద్దున్నే ఫోన్లు చేసి జహీరా కనుక్కున్నవే. పేరేమో ఆరిఫాది. నాటు వేసింది ఒకరు, మెప్పు ఇంకొకరికి.

జహీరా కడుపులో నిప్పు పడింది. అది ఎప్పుడు రాజుకుంటుందో ఆమెకే తెలిసేది కాదు. ఆరిఫా చేసిన ఖట్టా చారు బాగుందని మామ రెండోసారి వడ్డించుకుంటే ఆ పూట జహీరాకి ముద్ద దిగలేదు. సాజిద్ ఆమె మొగుడు, దుకాణంలో వెనక బల్ల దగ్గర రిపేర్లు చేస్తాడు, రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ పదిలో రెండు "ఆరిఫా, ఈ కార్డు దీంట్ల పడతదా?" అని ఖర్చుపెడితే పైన వంటింట్లో గిన్నెలు గట్టిగానే మోగేవి.

"నీకేమైంది ఈ మధ్య?" అన్నాడు సాజిద్ ఒకరోజు టీ తాగుతూ.

"నాకేమైతది? చదువుకున్నోళ్లు వచ్చిండ్రు గద, ఇంక నాతోని ఏం పని."

"చిన్నపిల్ల గద ఆమె."

"అవ్, ఆమె చిన్నపిల్ల. నేను పుట్టినకాడి నుంచి ముసల్దాన్నే."

సాజిద్ టీ గ్లాసు పట్టుకుని కిందికి దిగిపోయాడు. ఓడిపోయే వాదన అతను ఎప్పుడూ చివరిదాకా ఆడడు.

ఇలా ఉండగా ఓ బుధవారం సాయంత్రం భద్రాచలం నుంచి హైమ ఫోన్ చేసి లబోదిబోమంది. మొగుడు కెమెరా పడితే వీడియో మిక్సింగ్ అంతా హైమదే. కంప్యూటర్‌లో కార్డు మాడిపోయింది. శనివారం సాయంత్రానికి ఒక పెళ్లి వీడియో ఇచ్చేయాలి, ఆదివారం రిసెప్షన్‌లో పెద్ద తెర మీద వేస్తారు. "ఇవ్వలేకపోతే మా ఊళ్లో ఇంకో పెళ్లికి మమ్మల్ని పిలవరు చాచా. నలభై ఏడు వేలకి మించి పెట్టలేను. మీరే చూడాలి" అంది.

మర్నాడు గురువారం. పదైంది. జహీరా చేతులు కొంగుకు తుడుచుకుని, దుకాణంలోకి దిగి, ఎప్పటిలాగే గల్లాపెట్టె పక్కనున్న ఫోన్ తీయబోయింది. అహ్మద్ పాషా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇయ్యాల్టి సంది రేట్లు ఆరిఫా అడుగుతది. పదేండ్లు చేసినవ్, జర ఆరాం తీస్కో జహీరా."

ఆయన నవ్వుతూనే అన్నాడు. మంచి చేస్తున్నాననుకునే అన్నాడు. జహీరాకి మాత్రం నలుగురిలో తన కుర్చీ లాగేసినట్టయింది. ఆరామట ఆరాం! అడిగిందా తను? ఈ ఇంట్లో ఆమెకు వంట ఉంది, బట్టలున్నాయి, పిల్లల బడి ఉంది. అవన్నీ ఏ ఇంట్లోనైనా ఉండేవే. ఈ ఫోన్ ఒక్కటే ఆమెది. హైదరాబాద్‌లో ఆమె మొహం చూడని మనుషులు పదిమంది ఆమె గొంతు వినగానే కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. అది పోతే జహీరా అంటే ఏంది?

"భాభీ చేస్తది గద అబ్బా, నేనెందుకు?" అని మామతో నసిగింది ఆరిఫా.

"నేర్చుకో మరి. ఎన్ని దినాలు ఆమెనే చెయ్యాలె?"

 జహీరా వెనక్కి తిరిగి మెట్లెక్కింది. నాలుగో మెట్టు మీద మాత్రం ఆగింది, చెవి కింద పెట్టి.

ఆరిఫా ముగ్గురికి ఫోన్ చేసింది. ఆకుపచ్చ డబ్బా, పదహారు జీబీ మెమరీది, ఒకరు యాభై రెండన్నారు, ఒకరు యాభై మూడున్నర. మూడో ఫోన్ హైదరాబాద్ హోల్‌సేల్ మోతీ సేట్‌కి. "ఉంది బేటీ" అన్నాడాయన ఠక్కున. "పాత రేటుది ఒక్కటే ఒక్క పీసున్నది. నలభై ఆరున్నర. నీ పేరు మీద ఆపుతున్న."

"ఆపిండు అబ్బా!" అని ఆరిఫా ఎగిరి గంతేసినంత పని చేసింది. అహ్మద్ పాషా "శెభాష్" అన్నాడు. ఆ మాట నాలుగో మెట్టు దాకా వినపడింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మోతీ సేట్ మాటిస్తే మాటే. కానీ ఆ మాటకో గడువుంది. పొద్దున ఆపమన్న డబ్బాని జోహర్ దాకా, అంటే మధ్యాహ్నం నమాజుకు అజాన్ అయ్యేదాకా ఆపుతాడు. ఈలోపు మళ్లీ ఫోన్ చేసి 'పంపు, ఫలానా బస్సుకు వెయ్యి' అనాలి. అనలేదా, నమాజుకు లేచేముందు ఆ డబ్బాని వరసలో తర్వాతున్నవాడికి ఇచ్చేస్తాడు. ఒకరికిచ్చిన మాట నెత్తిమీద పెట్టుకుని నమాజులో నిలబడనని ఆయన పట్టు. ఇది ఎక్కడా రాసి లేదు, ఆయన ఎవరికీ చెప్పడు కూడా. పాత దుకాణాలవాళ్లకు తెలుసు, అంతే. అహ్మద్ పాషాకీ తెలుసు గానీ, పదేళ్లుగా ఆ రెండో ఫోన్ జహీరా చేస్తుండటంతో అలాంటిదొకటుందనే మరిచిపోయాడు. హైమకు 'కార్డు దొరికింది, వచ్చెయ్' అని చెప్పి, ఏదో కాలేజీ ఆర్డర్ మాట్లాడటానికి బయల్దేరిపోయాడు.

పన్నెండూ నలభైకి ఆరిఫా పైకి వచ్చింది. జహీరా వంటింటి గుమ్మంలో కూర్చుని గోంగూర తుంచుతోంది.

"భాభీ, మోతీ సేట్‌కి మళ్ల ఏమన్నా చెప్పాల్నా? హైమక్క బస్సెక్కింది. కొత్తగూడెం దాటినంక ఫోన్ చేస్తనన్నది. అప్పుడు సేట్‌కి చెప్తే సరిపోతది అనుకుంటున్న."

జహీరా చేతిలో కాడ ఆగింది. గడియారం వైపు చూడలేదు, చూడాల్సిన పని లేదు. ఇంకో ఇరవై నిమిషాలు. 'ఇప్పుడే చెయ్యి, జోహర్ దాటితే పోతది' అనడానికి ఎంతసేపు పడుతుంది? గోంగూర కాడ తుంచినంత సేపు కూడా పట్టదు.

"ఆపినన్నడు గద?" అంది.

"అవ్, ఆపినన్నడు."

"మరింకేంది?"

"గంతేనా భాభీ?"

"నన్నెందుకు అడుగుతవ్? చదువుకున్నదానివి నువ్వు, పట్టికలు రాసేదానివి నువ్వు."

 ఆరిఫా ఒక్క క్షణం జహీరా మొహంలోకి అదోలా చూసి, గిర్రున తిరిగి కిందికి వెళ్లిపోయింది.

ఒంటిగంటకు అజాన్ వినపడింది. జహీరా తల మీదికి కొంగు లాక్కుంది. చెప్పొచ్చు, ఇప్పుడు కూడా మెట్ల మీంచి ఒక్క కేక వేయొచ్చు. మోతీ సేట్ చేతులు కడుక్కోవడానికి ఇంకా లేచి ఉండడు. అజాన్ పూర్తయింది. జహీరా నమాజు చాప పరిచింది. వంగింది, లేచింది, పెదాలు కదిలాయి. ఒక్క ముక్క లోపలికి పోలేదు. 'తెలియాలె అందరికీ. ఈ పని ఎంతటిదో, ఎవరి చేతిల ఉంటే నడుస్తదో తెలియాలె.' చాప మీద కూర్చుని అదే అనుకుంది. తౌబా, దేవుడి ముందు కూర్చుని అనుకోవాల్సిన మాటేనా అది!

రెండున్నరకు ఆరిఫా ఫోన్ చేసింది. "పోయింది బేటీ" అన్నాడు మోతీ సేట్. "జోహర్ అయింది, నీ ఫోన్ రాలే. నల్గొండాయనకిచ్చిన. ఇప్పుడు బజార్ల యాభై మూడుకు తక్కువ లేదు. అది కూడా సోమవారమే."

నాలుగున్నరకు హైమ దిగింది. ఒంటరిగా, చంకలో కంప్యూటర్ డబ్బా, దానికి దుప్పటి చుట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చింది. కార్డు రాగానే సాజిద్ బిగిస్తాడు, రాత్రికి ముదిగొండలో చెల్లెలింట్లో ఉండి పొద్దున్నే వెళ్లిపోవచ్చని ఆమె ఏర్పాటు. సరిగ్గా అప్పుడే అహ్మద్ పాషా కూడా తిరిగొచ్చాడు. బల్ల వెనక ఆరిఫా తెల్లగా పాలిపోయి నిలబడింది. సంగతి చెప్పేసరికి హైమ కుర్చీలో కూలబడింది.

"లేదంటే ఎలా చాచా? దొరికిందన్నారనే కదా బస్సెక్కాను? దొరకలేదంటే విజయవాడన్నా పోయేదాన్ని కదా!"

అహ్మద్ పాషా మొహం ఎర్రబడింది. "రెండో ఫోన్ చెయ్యలేదా నువ్వు?"

"రెండో ఫోన్ అంటే ఏంది అబ్బా?"

"జోహర్ లోపల చెప్పాలె గద పంపుమని! నా తప్పే, నాకు యాదికి లేదు. కానీ ఇంట్ల జహీరా ఉన్నది గద? పదేండ్ల సంది ఆమెనే చేస్తుంది గద? ఆమెను అడగొచ్చు గద నువ్వు! అడిగినవా?"

కేకలకి జహీరా మెట్లు దిగి వచ్చి గోడ వారగా నిలబడి ఉంది.  ఇప్పుడు చెబుతుంది ఆరిఫా, 'అడిగిన, భాభీనే చెప్పలే' అని. మామ ముందర, మొగుడి ముందర, బయటి మనిషి ముందర. ఆరిఫా తలెత్తి ఆమె వైపు చూసింది.

"లేదు అబ్బా. అడగలే. నాకే అన్నీ తెలుసనుకున్న."

 అహ్మద్ పాషా గట్టిగా ఊపిరి వదిలి, ఆరిఫా ముందున్న ఫోన్ తీసి, జహీరా వైపు చాపాడు.

"పట్టు జహీరా. ఇది నీ చేతిలనే ఉండాలె. నేనే తెలివితక్కువ పని చేసిన."

ఇదే కదా జహీరా కోరుకున్నది! ఎనిమిది నెలలుగా కడుపు కాల్చుకున్నది దీనికే కదా! నలుగురి ముందు, తనంతట తాను, మామ తప్పు ఒప్పుకుని మరీ ఇస్తున్నాడు. చెయ్యి చాపితే చాలు. చెయ్యి లేవలేదు. బల్ల అవతల ఆరిఫా కింది పెదవి పంటితో పట్టుకుని నేలకేసి చూస్తోంది. హైమ ఒళ్లో దుప్పటి చుట్టిన డబ్బా ఉంది.

"అడిగింది అబ్బా" అంది జహీరా.

"ఏందీ?"

"ఆరిఫా నన్ను అడిగింది. పైకొచ్చి అడిగింది, అజాన్‌కి ముందే. నాకు తెలుసు, తెలిసే చెప్పలే. ఆమె పేరు చెడాలె, ఫోన్ నాకు మళ్ల రావాలె అని చెప్పలే." ఆరిఫా వైపు చెయ్యి చూపించింది. "ఆమె అబద్ధం చెప్తుంది. తప్పు నాది."

వెనక బల్ల దగ్గర సాజిద్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఠంగుమని కింద పడింది. అందరికంటే ముందు నోరు తెరిచింది హైమ.

"మీ ఇంటి పంతాలకు నా పనే దొరికిందా తల్లీ? నేనేం చేశాను మీకు? ఆ వీడియో పోతే ఆర్నెల్లు మా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలుసా?"

 చెంపమీద కొట్టినా అంత తగిలేది కాదు జహీరాకి. "తిట్టు అక్కా, ఎంతైనా తిట్టు. ముందు నీ పని చూడనియ్యి" అని మామ చేతిలోంచి ఫోన్ అందుకుని, ఆరిఫా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

వరసగా తొమ్మిది మందికి ఫోన్ చేసింది. "ఉంటది భాభీ." "రేపు వస్తది భాభీ." "మీకు లేకుంటే ఇంకెవరికి." ఒక్కొక్కరి గొంతు విని సగంలోనే పెట్టేసింది. ఆకుపచ్చ డబ్బా ఎక్కడా లేదు. చివరికి మళ్లీ మోతీ సేట్‌కే చేసింది. "సేట్, పచ్చది పోయింది పోనియ్. పదహారు మెమరీది ఎర్రడబ్బా ఉందా?"

"ఉంది భాభీ, నలభై ఒకటి" అన్నాడాయన ఊపిరి తీసుకోకుండా.

సరుకు నిజం. జహీరా ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఆరిఫా వైపు తిరిగింది. ఎనిమిది నెలల్లో ఎన్నడూ అడగని మాట అడిగింది. "నాకు దొరికిందో లేదో తెలుస్తది గనీ, పనికొస్తదో లేదో తెల్వదు. ఎర్రది హైమక్క పనికి నడుస్తదా? నువ్వే చెప్పాలె."

ఆరిఫా కళ్లు తుడుచుకుని హైమ వైపు తిరిగింది. "అక్కా, ఎన్ని కెమెరాల వీడియో కలుపుతవ్ ఒక్కసారి?"

"నాలుగు. డ్రోన్‌ది కూడా కలిపితే అయిదు."

"ఎనిమిది మెమరీదైతే చచ్చినా నడవదు. ఇది పదహారు గద, ఆగదు. కానీ నిజం చెప్పాలె, నీ సాఫ్ట్‌వేర్‌కి పచ్చదే మంచిగ పడతది. ఎర్రది పెడితే చివర్ల వీడియో బయటికి తీసేటప్పుడు గంట పనికి గంటన్నర పడతది. రేపు నీ వెంట వచ్చి సెట్టింగులన్నీ నేనే చేసిస్త."

హైమ వేళ్ల మీద లెక్క వేసుకుంది. "అరగంట పోతే పోయిందిలే. నా దగ్గర ఆరు వేలు మిగులుతాయిగా" అని, జహీరా వైపు చూడకుండానే, "ఈసారైనా పంపమని గట్టిగా చెప్పండి" అంది.

"సేట్, ఇప్పుడే పంపు. ఆరింటి బస్సుకి వెయ్యి. డ్రైవర్ నంబర్ నాకు చెప్పు" అంది జహీరా. సాజిద్ ఎవరూ అడక్కముందే "నేను పోయి తెస్త. పొద్దున ఏడింటికల్లా బిగించి ఇస్త" అన్నాడు. ఆ రోజు అతని లెక్కలో అవే పెద్ద మాటలు.

హైమ ముదిగొండ బస్సుకు వెళ్లిపోయాక అహ్మద్ పాషా చాలాసేపు గల్లాపెట్టె మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాడు. జహీరా తిట్ల కోసం నిలబడే ఉంది.

"చేసింది చిన్న తప్పు గాదు" అన్నాడు చివరికి. "దుకాణం మాట పోయేది ఇయ్యాల."

"అవ్ అబ్బా."

"నీకు ఫోన్ ఇచ్చిన్నాడు నాకు గొంతు లేకుండె, కాగితం మీద రాసైనా నిన్ను అడిగిన. ఇయ్యాల గొంతుండి కూడా అడగకుండ తీస్కున్న. ఆరాం ఇస్తున్న అనుకున్న గనీ, నీకు గట్ల తగుల్తదని తెల్వలే." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇద్దరు కూసొని చెయ్యండ్రి ఇంక. నాకు ఇద్దరూ కావాలె."

జహీరాకి అప్పటిదాకా ఆగిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని పైకి పరుగెత్తింది.

మేడ మీద ఆరిఫా ఆరిన బట్టలు తీస్తోంది. తీస్తోందన్న మాటే గానీ, ఒకే చొక్కా పట్టుకుని ఎంతసేపటి నుంచో నిలబడి ఉంది. జహీరా దగ్గరికి వెళ్లింది.

"నన్ను మాఫ్ చెయ్యమని అడగనీకి కూడా నోరొస్తలేదు ఆరిఫా. కానీ ఒక్కటి చెప్పు. అడగలేదని ఎందుకన్నవ్? నిజం చెప్తే నీ మీద తప్పే లేకుండె గద. గంత మంచిదానివా నువ్వు?"

"మంచిదాన్ని గాదు భాభీ." ఆరిఫా చొక్కా మడతపెడుతూ కూలబడిపోయింది. "మా అబ్బాది కల్లూర్ల టైలర్ దుకాణం. కొలతలన్నీ నేనే రాసేదాన్ని. మా అన్నకు పెండ్లై ఆఫియా భాభీ వచ్చింది. ఆమె చేతి కుట్టు చూస్తే కండ్లు తిరగాలె. ఇంక మా అబ్బా నోట్ల పొద్దుగాల లేస్తే ఆఫియా, పండుకునేదాక ఆఫియా. నాకు ఒళ్లు మండేది. ఒకపాలి ఓ పెండ్లికొడుకు షేర్వానీ కుట్టాలె. పుస్తకంల ఉన్నది ఏడాది కిందటి కొలత. ఆయన ఎంత లావైండో నేను బజార్ల చూసిన. ఆఫియా భాభీ నన్ను అడిగింది, ఈ కొలతేనా ఆరిఫా అని."

"నువ్వేమన్నవ్?"

"పుస్తకంల ఉన్నది గద, మరింకేంది అన్న."

మధ్యాహ్నం జహీరా అన్న మాటే అది.

"పెండ్లినాడు గుండీలు పడలే. మా అన్న పదిమందిల ఆమెను అనరాని మాటలన్నడు. ఆమె మధిరకు, తల్లిగారింటికి పోయింది. మూడు నెలలకు తిరిగొచ్చింది గనీ మళ్ల మిషన్ ముట్టలే. ఇయ్యాల్టికి కూడా ముట్టదు." ఆరిఫా మడతపెట్టిన చొక్కాని మళ్లీ విప్పింది. "మధ్యాన్నం నువ్వు గోంగూర తుంచుకుంట నాతోని మాట్లాడినప్పుడు నీ మొహం చూసిన. ఏదో దాస్తున్నవని తెలిసింది, ఏందో తెల్వలే. కానీ ఆ మొహం నాకెరుకే భాభీ. అది నా మొహం. అబ్బా అడిగినప్పుడు, నాకు గిట్లనే కావాలె, పడనీ అనిపించింది. నువ్వేమో సాయంత్రం గాకముందే అందరి ముందట చెప్పినవ్. నాకు రెండేండ్లాయె, ఇంకా చెప్పలే."

 ఎనిమిది నెలలు ఈ మొహాన్ని చూసి కుళ్లుకుంది జహీరా. దీనికేం, చదువుంది, తెలివుంది, అందరి మెప్పూ ఉంది, రాత్రి కమ్మగా నిద్రపోతుంది అనుకుంది. అన్నం తింటున్నప్పుడు, నవ్వుతున్నప్పుడు కూడా ఈ పిల్ల ఇంత బరువు మోస్తోందని ఒక్కనాడూ తోచలేదు. తను నాలుగు గంటలు మోసింది. అదే మోయలేకపోయింది.

పక్కన కూర్చుని, "ఫోన్ చెయ్ ఆమెకు" అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. రేపు అనుకుంటే నోరు రాదు."

"ఏమంటదో భాభీ!"

"ఏమన్నా పడు. నేను పడలే? హైమక్క అన్న మాటకు ఇంకా చెవులు మండుతున్నయ్. అయినా బతికే ఉన్న గద. చెయ్, నేను ఈడనే ఉంట."

ఆరిఫా నంబర్ నొక్కింది. రెండుసార్లు మోగింది. "ఆరిఫా! ఈ టైముకు చేసినవేంది, అంతా మంచిదేనా?" అన్న గొంతు వినపడింది.  జహీరా ఆరిఫా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భాభీ... ఆ షేర్వానీ కొలత తప్పని నాకు తెలుసు. నువ్వడిగిన్నాడే తెలుసు. ఆయన లావైండని తెలిసి కూడా నేను చెప్పలే. అందరూ నిన్ను తిడితే చూసుకుంట ఉన్న."

అవతల చప్పుడు లేదు.  ఆఫియా ఫోన్ పెట్టేసిందేమోనని ఆరిఫా తెర వైపు చూసింది, పెట్టేయలేదు. ఆ తర్వాత ఏడుపు వినపడింది, చిన్నగా మొదలై పెద్దదైంది.

"నా చెయ్యే పాడైందనుకున్న గద ఆరిఫా" అంది ఆఫియా. "ఇన్ని దినాలు, నా చెయ్యే పాడైందనుకున్న."

ఆరిఫా భళ్లున ఏడ్చింది. జహీరా ఆమె తలను తన భుజానికి ఆనించుకుని, ఫోన్ జారిపోకుండా తన చేత్తో ఆమె చెవి దగ్గరే పట్టుకుని, తనూ ఏడుస్తూ కూర్చుంది.